చుట్టం తన పని తాను చేసుకుపోతుంది

ఆయన ఒకటో టేకు పాడుచేసేవారు.

పెద్దాయన గురించి చెప్పవలసినది ఇంతేనని సినిమావాళ్ళలో చాలామంది నమ్మకం. అరవయ్యొకటో ఏట మొదటిసారి మొహానికి రంగు పూసుకుని, పదకొండేళ్ళలో నూట నలభై వేషాలు వేసి, పద్దెనిమిది సార్లు జడ్జీగా, ఇరవయ్యారు సార్లు డాక్టరుగా, లెక్కకు అందనన్ని సార్లు ఎవరో ఒకరి తండ్రిగా తెరమీద కనిపించిన మనిషి, ఒక్క షాటునైనా మొదటి ప్రయత్నంలో నెగ్గించుకోలేదని ప్రతీతి. రెండో టేకుకు మాత్రం తిరుగుండేది కాదు. అందుకే ఆయనకు ‘రెండో టేకు పెద్దాయన’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయనతో షాటంటే లైట్లవాళ్ళు తమ దగ్గులూ తుమ్ములూ ఆవలింతలూ ఒకటో టేకు కోసం దాచుకునేవారు. ఒక కెమెరామన్ అయితే ఒకటో టేకు జరిగినంతసేపూ నిలబడి కునుకు తీసేవాడట.

"ఏం పెద్దాయనా, ఒకటోది అయిందా?"

"అయింది నాయనా. నిర్విఘ్నంగా పోయింది."

"హమ్మయ్య. ఇక మొదలెడదామా అయితే?"

ఆయన తప్పులు కూడా సామాన్యమైనవి కావు. మాట మరిచిపోయి నీళ్ళు నమలడం, నాలుక మడతపడడం ఆయన ఎరుగరు. కంచులాంటి గొంతుతో, నిండు నమ్మకంతో, సుస్పష్టంగా తప్పు పలికేవారు. పోలీసు అధికారి వేషంలో టోపీ సర్దుకుని "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అనవలసిన చోట, "చుట్టం తన పని తాను చేసుకుపోతుంది" అన్నారు. కూతురి ప్రేమకు అడ్డుపడే తండ్రిగా గుమ్మంలో నిలబడి, "ఈ పెళ్ళి జరగదు" అనడానికి బదులు "ఈ పిల్లి జరగదు" అని గర్జించారు. సెట్టు మీద ఉన్న నలభైమందీ గుమ్మం కిందికి వంగి చూశారు. డాక్టరుగా ఆపరేషన్ గది తలుపు తోసుకుని వచ్చి, ఏడుస్తున్న బంధువులతో "ఇరవై నాలుగు గంటెలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అన్నారు. మామగారుగా ఒక యువ నటుణ్ణి తేరిపార చూసి, "బాబూ, నీ కాళ్ళల్లో నిజాయితీ కనిపిస్తోంది" అన్నారు. ఆ యువకుడు సిగ్గుపడి బూట్లు వెనక్కి లాక్కున్నాడు.

ఇంత తప్పు చెప్పినవాడు సిగ్గుపడాలి కదా? అదీ లేదు. "అయ్యో, పొరపాటైంది, ఇంకోసారి" అని తాపీగా తన చోటికి వెళ్ళి నిలబడేవారు.

ఇక రెండో టేకు. దాన్ని గురించి రాయడం కష్టం, ఎందుకంటే అందులో ఆయన ఏమీ చేసేవారు కాదు. గొంతు పెంచేవారు కాదు, కళ్ళు తిప్పేవారు కాదు. కొడుకు చనిపోయాడని విన్న తండ్రిగా ఒకసారి చొక్కా గుండీ ఒకటి విప్పి, మళ్ళీ పెట్టుకున్నారు, అంతే. సెట్టు మీద సుత్తి పట్టుకుని నిలబడిన వడ్రంగి ఆ సుత్తిని చప్పుడు కాకుండా నేలమీద పెట్టి, బయటికి వెళ్ళి ఇంటికి ఫోను చేసుకున్నాడు. తప్పు లేని పేజీని ఎవరూ మెచ్చుకోరు, చదువుకుంటూ పోతారు. పెద్దాయన నటన అటువంటిది. అది నటన అని తెలిసేసరికి సినిమా అయిపోయి జనం ఇళ్ళకు చేరి ఉండేవారు.

పేజీతో పోల్చడం ఊరికే కాదు. సినిమాకు రాక ముందు ముప్పయ్యారేళ్ళు ఆయన ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దారు. అచ్చుకు వెళ్ళే ప్రతి కాగితం ముందు ఆయన బల్లమీదికి రావాలి. భూతద్దం, ఎర్ర కలం, కిటికీ పక్కన కుర్చీ. ఆయన కన్నుగప్పి ఒక్క అచ్చుతప్పు బయటికి పోలేదని యజమాని గర్వంగా చెప్పుకునేవాడు. పదవీ విరమణనాడు సన్మానపత్రం చదివి ఇచ్చారు. అందులో ‘మా హృదయపూర్వక కృతజ్ఞతలు’ అన్నది ‘కృతఘ్నతలు’గా పడింది. పెద్దాయన జేబులోంచి ఎర్ర కలం తీసి, దిద్ది, "రెండో ప్రూఫు పంపించండి, అప్పుడు పుచ్చుకుంటాను" అని తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాత ఆయన దిద్దడానికి లోకం తప్ప ఏమీ మిగల్లేదు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు, చెల్లెలి ఇంటి మేడమీది గదిలో ఉండేవారు. మందుసీసాల మీది చీటీలు దిద్దారు. కరెంటు ఆఫీసు నోటీసు దిద్ది తిప్పి పంపించారు. వీధి చివర దుకాణం బోర్డు దిద్దడానికి నిచ్చెన వేసుకుంటే దుకాణదారు వచ్చి నిచ్చెన పట్టుకెళ్ళిపోయాడు.

"తల్లీ, మీ మావయ్యని నీతోపాటు ఎక్కడికైనా తీసుకుపోవే," అంది చెల్లెలు తన కూతురితో. "ఉప్పు పొట్లం మీద కూడా రాస్తున్నాడు. రేపు నా మొహం దిద్దుతాడు."

"నీ మొహంలో తప్పులేం లేవు చెల్లెమ్మా," అన్నారు పెద్దాయన మేడమెట్ల మీదనుంచి. "విరామచిహ్నాలు లేవు, అంతే."

ఆ కూతురే, అంటే పెద్దాయన మేనకోడలే, ఈ కథంతా దగ్గరనుంచి చూసిన మనిషి. సినిమాల్లో ఆమె పని కంటిన్యుటీ చూడడం. ఒక షాటులో ఎడమచేతిలో ఉన్న గ్లాసు తర్వాతి షాటులో కుడిచేతిలోకి దూకకుండా కాపలా కాయడం. ప్రతి టేకునూ ఆమె పుస్తకంలో రాస్తుంది: ఎన్నో టేకు, సరిపోయిందా, పోయిందా, పోతే ఎందుకు, ఫ్రేములో ఎవరెవరున్నారు. మేనమామ రక్తమే కావచ్చు, ఆమె పనిలో తప్పు పట్టినవాడు లేడు.

ఆ రోజుల్లో కోర్టు సెట్టు వేశారు. గోడమీది బోర్డులు దిద్దడానికని ఆమె మావయ్యను తీసుకెళ్ళింది. ‘నాయస్థానం’ అని రాసిన బోర్డుకు ఆయన ఒక వత్తు తగిలించి, అలసి, ఖాళీగా కనిపించిన కుర్చీలో కూర్చున్నారు. అది జడ్జీ కుర్చీ. జడ్జీ వేషం వెయ్యవలసిన నటుడు ఆ రోజు రాలేదు. దర్శకుడు తల ఎత్తి చూసేసరికి, కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి, ఎదుటివాళ్ళ తప్పుల కోసమే పుట్టినట్టున్న మొహంతో ఒక మనిషి న్యాయపీఠం మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరండీ ఆయన? అలాగే ఉండమనండి! కదలొద్దనండి!"

కెమెరా తిరిగింది. బోనులో నిలబడిన ముద్దాయి ఎవరో కాదు, ఆ బోను చేసిన వడ్రంగే. మనిషి సన్నగా, దొంగలా ఉన్నాడని అతన్నే నిలబెట్టారు. పెద్దాయన గంభీరంగా అన్నారు: "ముద్దాయికి ఏడు సంవత్సరాల కఠిన శిక్షణ విధించడమైనది."

కోర్టంతా గొల్లుమంది. ముద్దాయి బోను కమ్మీ పట్టుకుని మరీ నవ్వాడు. రెండో టేకులో శిక్షణ శిక్షగా మారింది, ముద్దాయి మొహం నిజంగానే పాలిపోయింది, దర్శకుడు లేచి నిలబడ్డాడు. అలా మొదలైంది.

పదకొండేళ్ళు గడిచాక, డెబ్బయ్‌రెండో ఏట, ఆయనకు మొట్టమొదటిసారి నిండు వేషం వచ్చింది. అంతవరకూ ఆయన ప్రతి సినిమాలోనూ పావుగంటలో తీర్పు చెప్పో, నాడి చూసో వెళ్ళిపోయే మనిషి. ఇందులో కథంతా ఆయనదే. ఆస్పత్రిలో పడి, పడకమీదనుంచి ఇల్లంతా నడిపించే తాతయ్య. కథ చదివిన రోజు ఆయన అందులోని నలభై ఏడు అక్షరదోషాలు దిద్ది, కట్ట తాడుతో కట్టి, మేడమీద చాలాసేపు అటూ ఇటూ నడిచారు. కింద వంటింట్లో చెల్లెలు కప్పు వైపు చూసి, "అన్నయ్య సంతోషంగా ఉన్నాడే," అంది. "ఇరవయ్యేళ్ళ కిందట విన్నాను ఈ అడుగులు."

చిక్కల్లా దర్శకుడితో వచ్చింది. ఆ యువకుణ్ణి యూనిట్టంతా ‘స్టాప్‌వాచ్’ అనేది. సూర్యుడు ఎన్నింటికి కిటికీలోకి వస్తాడో అతనికి తెలుసు, రాకపోతే ఎందుకు రాలేదని సూర్యుణ్ణే అడిగే రకం. మూడో రోజు మధ్యాహ్నం పెద్దాయన మరో ఒకటో టేకు పాడుచేశారు. దర్శకుడు మేనకోడల్ని పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, ఆయన మీ మావయ్య, నాకు గౌరవమే. కానీ ఆస్పత్రివాళ్ళు వార్డు రేపు మధ్యాహ్నం వరకే ఇస్తామన్నారు. రేపు ఒకటో టేకు పోయిందంటే ఎల్లుండి నుంచి ఈ వేషం ఇంకొకరు వేస్తారు. అయింది మూడు రోజుల పనేగా, మళ్ళీ తీసుకుంటాను."

"సార్, రెండో టేకులో ఆయన..."

"రెండో టేకు గురించి నాకు చెప్పకు, ఏడుపొస్తుంది. ఆయనలాంటి నటుణ్ణి నేను చూళ్ళేదు. అందుకే ఇంకా కోపం! ఒకటోసారే చేస్తే ఏం పోయింది ఆయన సొమ్ము? సరే, పాడుచేసిన ఒకటో టేకులన్నీ ఒక జాబితా రాసి ఇయ్యి. నిర్మాతకి చూపించాలి."

ఆమె పుస్తకం మూసింది. మేడమీద వినిపించిన ఆ అడుగులు రేపటితో ఆగిపోతాయా?

ఇంటికి వచ్చే దారిలో బండిలో ఆయన్ను బతిమాలింది.

"మావయ్యా, రేపొక్కరోజు. నా కోసం. ఒకటో టేకు సరిగ్గా చెయ్యి."

"ఊఁ."

"ఊఁ అంటే సరిపోదు. వేషం పోతుందంటున్నాడు. నిజంగానే తీసేస్తాడు, మనిషి అలాంటివాడు."

"వింటున్నానే తల్లీ." ఆయన కిటికీలోంచి గోడలమీది రాతలు చూస్తున్నారు. అటు చూస్తూనే అడిగారు: "రేపు నర్సు వేషం ఎవరు?"

"ఆవిడా? వస్తానన్న అమ్మాయి రాలేదట. మన దుస్తుల గదిలో ఇస్త్రీ చేసే అక్కని పెట్టారు. ఒక్కటే డైలాగు. ఎందుకు?"

"ఏం లేదు," అన్నారు పెద్దాయన. ఇక ఆ సాయంత్రమంతా తనలో తానే ఏదో గొణుక్కుంటూ గడిపారు.

జాబితా రాయాలి కాబట్టి ఆమె మంచం కిందనుంచి పాత పుస్తకాలన్నీ లాగింది. ఆయన వేసిన సినిమాల్లో సగానికి పైగా తనే పనిచేసింది. కింద కూర్చుని, ఒకటో టేకు, పోయింది, ఒకటో టేకు, పోయింది, అని రాసుకుంటూ పోతుంటే ఒకచోట కలం ఆగింది. ‘ఒకటో టేకు, సరి.’

ఆమె పుస్తకం దీపం దగ్గరికి జరిపింది. తన చేతిరాతే. పెద్దాయన, పేరున్న నాయకుడు, ఇద్దరే ఉన్న షాటు. ఇంకో పుస్తకం తీసింది. మళ్ళీ ఒకటి. ముప్పయ్యేళ్ళుగా నటిస్తున్న ఒక పెద్ద నటితో. ఇంకొకటి, ఆయన ఒంటరిగా ఉన్నది. ఒకటో టేకులోనే సరిపోయినవి పదో పరకో కావు, అరవై దాటాయి. తను రాసింది, తనే మరిచిపోయింది. మనుషులకు పిల్లి గుర్తుంటుంది, గుమ్మం గుర్తుండదు.

అప్పుడు ఆమె ఇన్నేళ్ళూ వరసగా నింపుతూ ఎన్నడూ వరసగా చదవని గడి చదివింది. ఫ్రేములో ఎవరెవరున్నారు?

శిక్షణ పడ్డ రోజు, వడ్రంగి, మొదటిసారి. చుట్టం వచ్చిన రోజు, యూనిట్ డ్రైవరు, మొదటిసారి, ‘ఎస్ సార్’ అనాలి. గంటెల రోజు, ఏడ్చే బంధువుగా వంటశాల మనిషి, మొదటిసారి. కాళ్ళల్లో నిజాయితీ కనిపించిన యువకుడికి అదే మొట్టమొదటి సినిమా. ఒక్కటీ తప్పలేదు. ఎదురుగా ఎవరో ఒకరు, పెదవులు ఎండిపోయి, ఇందరి ముందు మొదటి తప్పు తనదే అవుతుందని వణుకుతున్న రోజునే పెద్దాయన నోరు జారేది.

జారేదా? ఆమె జాబితా ఇంకోసారి చూసింది. చట్టం, చుట్టం. కళ్ళు, కాళ్ళు. గంటలు, గంటెలు. శిక్ష, శిక్షణ. నోరు తడబడితే అర్థంలేని చప్పుడు పుడుతుంది. ఇక్కడ ప్రతిసారీ ఇంకో నిండు మాట పుట్టింది, ఒక కొమ్ము పడో, ఒక దీర్ఘం పడో, ఒక అక్షరం ఎక్కువో. ఇవి నోటితప్పులు కావు. ఇవి అచ్చుతప్పులు. ముప్పయ్యారేళ్ళు ఎర్ర కలంతో ఏరిపారేసిన తప్పుల్లోంచి మేలైనవి దాచుకుని, ఈ మనిషి అవసరమైన చోట ఒక్కొక్కటే ఖర్చుపెడుతున్నాడు.

జ్ఞానులనదగిన వాళ్ళను గురించి ఆమె చాలా చదివింది. తమ గొప్పతనాన్ని దాచుకున్నవాళ్ళు వాళ్ళలో కొందరు ఉన్నారు. కానీ తన పనితనాన్ని దాచడానికి అదే పనితనాన్ని వాడుకుని, పదకొండేళ్ళు నవ్వులపాలై, దానికి ‘పొరపాటైంది’ అని క్షమాపణ కూడా చెప్పుకున్న మనిషిని ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ మనిషి ఆమె నెత్తిమీదనే, మేడమీద గదిలో, ఉప్పు పొట్లాలు దిద్దుకుంటూ ఉన్నాడు.

ఆయన్ను బతిమాలడం దండగని ఆమెకు తెలిసిపోయింది. రేపటి నర్సెవరో అడిగినప్పుడే ఆయన తేల్చుకున్నారు. వేషం పోనిస్తారు, ఇస్త్రీ అక్కను మాత్రం వణకనివ్వరు. ఆమె జాబితా చింపి, పుస్తకాలు మళ్ళీ మంచం కిందికి తోసింది.

మర్నాడు పొద్దున వార్డులో ఇనుప మంచం, సెలైన్ స్టాండు, పక్కన చిన్న బల్ల, బల్లమీద మంచినీళ్ళ గ్లాసు. పెద్దాయన పడుకున్నారు. నున్నటి గుండు దీపాలకు తళతళలాడుతుంటే మేకప్ మనిషి పౌడరు అద్దుతున్నాడు.

"కదలకండి పెద్దాయనా. సూర్యుడు తూర్పున ఉన్నాడో మీ తలమీద ఉన్నాడో తెలియక కెమెరామన్ కంగారుపడుతున్నాడు."

"పౌడరు సరిపోతుందా, సున్నం తెప్పించనా?" అన్నారు ఆయన.

ఇస్త్రీ అక్క నర్సు దుస్తుల్లో తలుపు దగ్గర నిలబడింది. ఆ దుస్తులు తనే ఇస్త్రీ చేసుకుంది, మడత చెదరకుండా కర్రలా నిలబడింది. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

"ఏం అక్కా, వచ్చేసిందా డైలాగు?" అంది మేనకోడలు.

"పొద్దుట్నుంచి చొక్కాలన్నిటికీ చెప్పానమ్మా. ఒక్క చొక్కా కూడా నవ్వలేదు," అంది అక్క. "ఇంతమందిని చూస్తే చెప్పిందంతా మరిచిపోతున్నాను. తప్పు చేశాననుకో, ఆ డైరెక్టరు నన్ను తిడతాడా, పంపించేస్తాడా?"

సన్నివేశం చిన్నది. తాతయ్య నర్సును పిలిచి, తన గుండె మీద చెయ్యి వేసి చూడమంటాడు, ఇంకా కొట్టుకుంటోందా అని అడుగుతాడు. ఆమె చెయ్యి వేసి, "కొట్టుకుంటోంది తాతగారూ, గట్టిగానే కొట్టుకుంటోంది" అనాలి. అంతే.

దర్శకుడు గడియారం చూశాడు, పెద్దాయనను చూశాడు. "అందరూ రెడీ. ఒకటో టేకు."

ఇస్త్రీ అక్క మంచం దగ్గరికి నడిచింది. చాచిన చెయ్యి గాలిలో కొట్టుకుంటోంది. పెద్దాయన ఆ చేతిని చూశారు. ఊపిరి తీసుకున్నారు. "అమ్మా, ఒక్కసారి నా..."

"ఆపండి!"

అరిచింది మేనకోడలు.

"ఆపండి సార్. తప్పు నాదే. గ్లాసు. పోయిన షాటులో మంచానికి ఎడమవైపు ఉంది. ఇప్పుడు కుడివైపు ఉంది. నేనే పెట్టాను." అబద్ధం లేదు, పావుగంట కిందట ఎవరూ చూడనప్పుడు తనే జరిపింది.

దర్శకుడు గ్లాసు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "నువ్వా?"

"నేనే సార్."

"నువ్వు! కంటిన్యుటీ తప్పా? నువ్వే?" అతను కూలబడ్డాడు. "మీ ఇంటి నీళ్ళలోనే ఉందా తల్లీ ఈ రోగం? ఇవాళ ఆయన బాగానే ఉన్నాడనుకుంటే నీకు అంటుకుందా?"

లైట్లవాళ్ళలో ఎవరో పకపకా నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఇస్త్రీ అక్క గుండెలనిండా ఊపిరి వదిలి, మేనకోడలి భుజం తట్టింది. "పోన్లేమ్మా, ఏడవకు. నేనూ నిన్న ఒక చొక్కా కాల్చేశాను. ఎవరికీ చెప్పలేదు."

రెండో టేకు. ఇస్త్రీ అక్క నడిచి వచ్చింది. ఆయన అడిగారు. ఆమె ముడతలు సవరించే చేత్తో, వేడి ఎంతుందో చూసే అలవాటున్న ఆ చేత్తో, ఆయన గుండెమీద తాకి, కాసేపు అలాగే ఉంచింది. ఇంత ఆలస్యం చెయ్యమని ఎవరూ చెప్పలేదు. "కొట్టుకుంటోంది తాతగారూ," అంది. ఆయన ఆ చెయ్యి తీసుకుని, నాడి చూసే డాక్టరులా మణికట్టు పట్టుకున్నారు, ఇప్పుడు నీదీ చూస్తానన్నట్టు. కథలో అది లేదు. ఇస్త్రీ అక్క నవ్వింది. కథలో అదీ లేదు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయి గడియారాన్ని జేబులో వేసుకున్నాడు.

చాలాసేపటికి మేనకోడలి దగ్గరికి వచ్చి, "ఆ జాబితా?" అన్నాడు.

"రాయలేదు సార్."

"రాయకు," అన్నాడు. "రేపూ ఆయన్నే రమ్మను. రోజూ రమ్మను."

అందరూ తర్వాతి షాటుకు సర్దుకుంటున్నారు. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి సరిచేస్తూ గొంతు తగ్గించింది.

"ఇప్పుడు సంతోషమేనా?"

పెద్దాయన మొహం మాడ్చుకుని ఉన్నారు. "ఎవరడిగారే నిన్ను? ఇంకో రెండు మాటలాగితే నీ సొమ్మేం పోయింది? ఎంత చక్కటి తప్పు! నిన్న సాయంత్రమంతా చెక్కాను."

"వేషం పోయేది మావయ్యా!"

"పోతే ఇంకొకడు వేస్తాడు. అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్లని ఎంతమందిని చూశాను! పేజీలో మొదటి తప్పు పడేదాకా వాళ్ళ వేళ్ళు గట్టిపడి ఉంటాయి. పడ్డాక మనుషులవుతారు. ఆ మొదటిది ఎవరో ఒకరు చెయ్యాలి కదా. వయసైనవాణ్ణి, నాకేం సిగ్గు?" ఆయన దుప్పటి పైకి లాక్కున్నారు. "ఒక్క పిల్లి దగ్గర మాత్రం సిగ్గుపడ్డాను. పెళ్ళి, పిల్లి. ఒకే మాటలో రెండు తప్పులు దొర్లాయి. నాసిరకం పని."

ఆమె నవ్వాపుకుంది. "ఇవాళ్టిదేమిటో చెప్పు."

"చెప్పను. నువ్వు నా తప్పు మింగేశావు."

"చెప్పు మావయ్యా."

"చెప్పను పో."

తర్వాతి షాటులో పక్క మంచం మీద ఒక రోగి ఉండాలి, "లైటు తీసెయ్యమంటారా పెద్దాయనా?" అని అడగాలి. మనిషి బక్కగా ఉన్నాడని ఆ ఆస్పత్రి తోటమాలినే తెచ్చి పడుకోబెట్టారు. అతను రెండు పిడికిళ్ళతో దుప్పటి పట్టుకుని, తోట వైపు కిటికీలోకి, ఎవరైనా పిలిస్తే పారిపోదామన్నట్టు చూస్తున్నాడు. పెద్దాయన అతనివైపు ఒకసారి చూశారు.

"ఒకటో టేకు!" అన్నాడు దర్శకుడు. "అమ్మా, గ్లాసు చూసుకున్నావా?"

"చూసుకున్నాను సార్." ఆమె చివరిసారి బల్లమీదికి వంగి, గ్లాసు సరిగ్గా ఎడమవైపు పెట్టింది. అప్పుడు చెవి దగ్గర పెద్దాయన గొంతు, కంచులాంటి గొంతే, గుసగుసగా వినిపించింది.

"అమ్మా, ఒక్కసారి నా గుండు మీద చెయ్యి వేసి చూడు. ఇంకా కొట్టుకుంటోందా?"

ఆమె పెదవులు బిగించి నాలుగడుగులు వెనక్కి వేసింది. పుస్తకంతో మొహం కప్పుకుంది. కెమెరా తిరగడం మొదలైంది. తోటమాలి గుటక మింగాడు. వార్డంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణాన ఆమె కళ్ళముందు నర్సు దుస్తుల్లో ఇస్త్రీ అక్క వచ్చి, పౌడరద్దిన ఆ గుండు మీద చెయ్యి వేసి, వేడి చూసి, ‘గట్టిగానే కొట్టుకుంటోంది తాతగారూ’ అంది. ఇక ఆగలేదు. పుస్తకం వెనకనుంచి నవ్వు తన్నుకుని వచ్చి వార్డంతా పగిలింది.

"కట్! ఎవరది? మళ్ళీ నువ్వేనా?"

"నేనే సార్," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ, గోడకు ఆనుకుని. "పొరపాటైంది. ఇంకోసారి."

ఏం జరిగిందో తెలియకపోయినా తోటమాలి ఆమెను చూసి తనూ నవ్వుతున్నాడు. దుప్పటి పట్టుకున్న పిడికిళ్ళు ఎప్పుడు విడిపోయాయో అతనికే తెలియదు.

మంచంమీద పెద్దాయన కప్పు వైపు చూస్తూ, రోగికి తగినంత నీరసంగా అన్నారు: "సార్, ఇవాళ పొద్దుటినుంచీ నేను ఒక్క టేకూ పాడుచెయ్యలేదు. ఆ పిల్లని కాస్త పుస్తకంలో రాసుకోమనండి."